నడకను ఆపేసిన బెల్టు: ఒక కేస్ స్టడీ

ఫిర్యాదు: కుడి తొడ బయటి వైపు మంట, తిమ్మిరి. చురుగ్గా నడవడం మొదలుపెట్టిన పన్నెండు నిమిషాలకు వస్తుంది. కూర్చుని బెల్టు వదులు చేసుకుంటే కాసేపటికి సర్దుకుంటుంది. వయసు 41, పురుషుడు, ఎత్తు 172 సెం.మీ., బరువు 86 కిలోలు, రోజంతా కుర్చీలో గడిచే ఆఫీసు ఉద్యోగం. మధ్యాహ్నం అరగంట నడక, నాలుగు అంతస్తుల మెట్లు, వారానికి రెండు రోజులు జిమ్. ఇదీ ఆయనకు ఇచ్చిన ప్రణాళిక. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మూడో వారంలోపే ఆపేశారు. మా దగ్గరికి వచ్చేసరికి "నా ఒంటికి వ్యాయామం పడదు" అని ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు.

ఇది ఒక్క మనిషి ఫైలు కాదు. ఇదే ఫిర్యాదుతో వచ్చేవాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించే విషయాలన్నీ ఒకచోట పేర్చి రాసిన కేసు. కొలతలు కూడా ఈ తరహా కేసుల్లో మామూలుగా కనిపించే స్థాయివే.

చరిత్ర అడుగుతుండగా దొరికిన ఒక్క మాట దారి చూపించింది. సెలవు రోజుల్లో ఇంట్లో వదులు షార్ట్స్‌తో ఎంతసేపు తిరిగినా మంట రాదు. ఆఫీసు రోజుల్లోనే వస్తుంది. నడక అదే, కాళ్లు అవే. మారింది ఒంటి మీది బట్టలు.

ముందు నరం సంగతి

బట్టల మీద అనుమానం ఎంత బలంగా ఉన్నా, ముందు కారణం వెన్నుపూస కాదని తేల్చుకోవాలి. నడుము దగ్గర నరం ఒత్తుకున్నా తొడలో ఇలాంటి మంటే వస్తుంది. తొడ ఎత్తే బలం, మోకాలు చాచే బలం రెండు వైపులా సమానంగా ఉన్నాయి. మోకాలి రిఫ్లెక్స్ మామూలుగా ఉంది. నడుము వంచినా, వెనక్కి విరిచినా మంట పెరగలేదు. తిమ్మిరి ఉన్న చోటు అరచేయంత, తొడ బయటి వైపునే ఉంది, మోకాలు దాటి కిందికి దిగలేదు. ఇవన్నీ కలిపి చూస్తే లాటరల్ ఫెమోరల్ క్యుటేనియస్ అనే నరం కనిపిస్తుంది. అది కేవలం స్పర్శను మోసే నరం. కండను నడిపించే పని దానికి లేదు కాబట్టి అది ఒత్తుకుంటే మంట, తిమ్మిరి వస్తాయి గాని బలం తగ్గదు. ఈ సమస్య పేరు మెరాల్జియా పారెస్థెటికా.

నిర్ధారణకు తేలికైన పరీక్ష ఒకటుంది. నొప్పి లేని వైపు పడుకోబెట్టి, పైకి వచ్చిన తుంటి ఎముకను 45 సెకన్లపాటు కిందికి నొక్కి ఉంచాలి. గజ్జ దగ్గరి లిగమెంటు (గట్టి పట్టీలాంటి కణజాలం) వదులై నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు మంట తగ్గితే అనుమానం బలపడినట్టే. ఈయనకు తగ్గింది. మధుమేహం ఉన్నవాళ్లలో ఈ సమస్య ఎక్కువ కాబట్టి రక్తంలో చక్కెర పరీక్ష కూడా చేయించమన్నాం. అది మామూలుగానే వచ్చింది. కాలిలో బలహీనత, మల మూత్రాల మీద పట్టు తప్పడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే ఈ దారి వదిలి వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి.

బెల్టుకూ ఆ నరానికీ సంబంధం ఏమిటంటే, నడుము ముందు భాగంలో రెండు పక్కలా చేతికి తగిలే ఎముక కొన ఉంటుంది చూడండి, సరిగ్గా దానికి కాస్త లోపలగా, గజ్జ లిగమెంటు కిందనుంచి ఆ నరం తొడలోకి దిగుతుంది. ఈయన ప్యాంటు పొట్ట కింద నిలుస్తుంది. పొట్ట బరువు బెల్టు పై అంచును కిందికి తోస్తుంది. కింది అంచు ఎముక కొన దగ్గర నొక్కుతుంది. నిమిషానికి 110 అడుగుల నడకలో కుడి కాలు 55 సార్లు వెనక్కి వెళ్తుంది, వెళ్లిన ప్రతిసారీ నరం సాగుతుంది. పైన నొక్కుడు, కింద లాగుడు. నెమ్మదిగా నడిస్తే అడుగు చిన్నది, లాగుడు తక్కువ, అందుకే మంట రాదు. ఆరోగ్యానికి పనికొచ్చే వేగం అందుకోగానే వస్తుంది. మనిషి దాన్ని తన దేహం చెప్పే "వద్దు"గా అర్థం చేసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

నిలబడినప్పుడు నడుము చుట్టుకొలత 98 సెం.మీ., కూర్చున్నప్పుడు 102. బెల్టు మాత్రం పొద్దున నిలబడి బిగించిన రంధ్రంలోనే సాయంత్రం దాకా ఉంటుంది. ఆ నాలుగు సెంటీమీటర్లు ఎవరో ఒకరు భరించాలి, భరించేది పొట్ట, గజ్జ.

రెండు జతల పరీక్ష

బట్టల ప్రభావాన్ని ఊహించకూడదు, కొలవాలి. అదే మనిషి, అదే రోజు, అదే నేల. ముందు ఆఫీసు బట్టలతో, పది నిమిషాల విశ్రాంతి తర్వాత వదులు షార్ట్స్, క్రీడా బూట్లతో, చివర మళ్లీ ఆఫీసు బట్టలతో. ఒక్కో జతతో ఒక్కసారే చేస్తే, రెండో జతలో మెరుగుదల బట్టల వల్ల వచ్చిందో, పరీక్ష అలవాటై వచ్చిందో తెలియదు. మూడోసారి అంకెలు మళ్లీ మొదటి స్థాయికి పడిపోతే అప్పుడు సందేహం ఉండదు.

పది మీటర్ల చురుకైన నడకలో ఆఫీసు బట్టలతో 16 అడుగులు పడ్డాయి, షార్ట్స్‌తో 14. అంటే అడుగు 62 సెం.మీ. నుంచి 71కి పెరిగింది. తిరిగి ఆఫీసు బట్టలు వేసుకోగానే 16.

స్క్వాట్ (మోకాళ్లు వంచి కిందికి దిగడం) దగ్గర తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. తుంటి, మోకాలు వంగినప్పుడు పిరుదుల మీద, మోకాలి చిప్ప మీద చర్మం సాగుతుంది. సాగని గుడ్డ అలా సాగలేదు, ఎక్కడో ఒకచోట జారాలి, లేదంటే ఆపేయాలి. ఈయన స్లిమ్ ఫిట్ ప్యాంటు తొడ దగ్గర అతుక్కుని ఉంది కాబట్టి జారడానికి చోటు లేదు. తొడలు నేలకు సమాంతరం కాకముందే గుడ్డ బిగిసింది, నడుం పట్టీ వెనక 6 సెం.మీ. కిందికి దిగింది, కటి (తుంటి ఎముకల భాగం) వెనక్కి తిరిగి నడుము గుండ్రంగా వంగింది, మడమలు లేచాయి. షార్ట్స్‌తో మడమలు నేల మీదే ఉండగా సమాంతరం దాకా దిగగలిగారు.

అంతకుముందు ఎవరో మడమలు లేవడం చూసి చీలమండ బిగుసుకుందని తేల్చి, పిక్కల స్ట్రెచింగ్ ఇచ్చారట. చెప్పులు లేకుండా గోడకు ఎదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించే పరీక్ష చేస్తే బొటనవేలి నుంచి గోడకు 10 సెం.మీ. దూరం వచ్చింది. బాగున్న చీలమండ అది. వారాలపాటు చేసిన స్ట్రెచింగ్ ప్యాంటు లోపానికి చీలమండకు వేసిన శిక్ష. ఇలాంటి పొరపాటు నిర్ధారణలు చాలా జరుగుతాయి. పరీక్షించేవాళ్లు మనిషిని వచ్చిన బట్టల్లోనే వంగమంటారు, వంగలేకపోతే కీలును తప్పుపడతారు.

చేతులు పైకి లేపినప్పుడు చొక్కా మొత్తం బయటికి వచ్చేసింది. దీనికి కారణం చొక్కా బిగుతు కాదు, చంక కోత బాగా కిందికి ఉండడం. చంక కోత కిందికి ఉన్నకొద్దీ చేయి లేపితే చొక్కా పక్క భాగం అంతా వెంట లేస్తుంది. చంకకు దగ్గరగా కోసిన చొక్కా చూడ్డానికి ఇరుకుగా ఉన్నా చేయి ఎక్కువ స్వేచ్ఛగా కదులుతుంది. చాలామంది వదులు కోసం పెద్ద సైజు కొంటారు. పెద్ద సైజులో చంక కోత ఇంకా కిందికి పోతుంది, ఇబ్బంది పెరుగుతుంది.

వెనక జేబులో రెండున్నర సెంటీమీటర్ల మందం పర్సు ఉంది. దాని మీద రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చుంటే కటి ఒక పక్కకు ఒరుగుతుంది. దీని గురించి ఎక్కువ చర్చ అక్కర్లేదు, తీసేయించాం.

బూట్లు

ఆఫీసు బూటు మొన సన్నగా, అడుగు భాగం నున్నని తోలుతో ఉంది. జారుతుందన్న జాగ్రత్తతో మనిషి తెలియకుండానే అడుగు కుదించుకుంటాడు. ముందు చెప్పిన 62 సెం.మీ.లో ప్యాంటు వాటా ఎంత, బూటు వాటా ఎంత అని చూడడానికి షార్ట్స్ ఉంచి బూటు మాత్రం మార్చి నడిపించాం. 15 అడుగులు వచ్చాయి. దాదాపు సగం సగం.

క్రీడా బూటులో వేరే సమస్య. సైజు చిన్నది, రెండో వేలి గోరు కింద నల్లగా కమిలి ఉంది. పాదం కొలత సాయంత్రం తీసుకోవాలి, నిలబడి తీసుకోవాలి, రెండు పాదాలూ కొలిచి పొడవైనదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పొడవైన వేలికి బూటు కొసకు మధ్య ఒక సెంటీమీటరు, అంటే బొటనవేలి గోరంత వెడల్పు ఖాళీ ఉండాలి. పొడవైన వేలు అందరికీ బొటనవేలే కానక్కర్లేదు. మడమ లోపల జారుతుంటే సైజు తగ్గించకుండా, పై చివరి రంధ్రాన్ని కూడా వాడి లేసు కట్టుకోవాలి. ఆ రంధ్రంలో లేసును అదే వైపు లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, అవతలి లేసును ఆ ఉచ్చులోంచి తీసి బిగిస్తే మడమ కదలదు.

బూటు బరువు కూడా చూడాలి. పరుగులో ఒక్కో బూటుకు 100 గ్రాములు పెరిగితే ఆక్సిజన్ ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుంది. నడకకు ఇది పెద్ద అడ్డంకి కాదు గాని, బరువైన బూట్లతో పరుగు మొదలుపెట్టి "దమ్ము లేదు" అనుకునేవాళ్లకు తెలియాల్సిన అంకె. బరువులెత్తేటప్పుడు మాత్రం మందపాటి మెత్తని పరుగు బూటు వద్దు. స్పాంజిలా కుంగే అడుగు మీద 40 కిలోలు మోస్తూ నిలబడితే చీలమండ ఊగుతుంది.

చెమట సూటు

ఈ కేసులో నిజంగా భయపెట్టింది ఇదే. జిమ్‌లో ఈయన గాలి చొరని ప్లాస్టిక్ సూటు వేసుకుని ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నారు. గంటలో 900 గ్రాములు తగ్గినట్టు కాటా చూపిస్తుంది, మర్నాటికి ఆ బరువు తిరిగి వస్తుంది.

లెక్క చూద్దాం. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీలు ఉంటాయి. ఆయన బరువున్న మనిషి అరగంట చురుకైన నడకలో సుమారు 150 కిలోకేలరీలు ఖర్చు చేస్తాడు. అదంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా 20 గ్రాములు. గంటకు 40. మిగతా 860 గ్రాములు నీరు.

చెమట దేహాన్ని చల్లబరిచేది కారిపోయి కాదు, ఆవిరై. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. సూటు లోపల గాలి తేమతో నిండిపోయి ఉంటుంది కాబట్టి ఆవిరి కాదు, కారుతుంది. నీరు పోయింది, చల్లదనం రాలేదు. లోపలి వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఆ పెరుగుదలను మంచి వ్యాయామం అనుకుంటారు. నిజానికి ఈయన నడక వేగం మామూలు బట్టల్లో గంటకు 5.5 కి.మీ. ఉంటే సూటులో 4.6కి పడిపోయింది. కాళ్లు చేసే పని తగ్గింది, గుండె మీద భారం పెరిగింది.

1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు పోటీ కోసం వేగంగా బరువు తగ్గించుకునే ప్రయత్నంలో చనిపోయారు. రబ్బరు సూట్లతో, వేడి గదుల్లో కసరత్తు చేయడం అందులో భాగం. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ రబ్బరు సూట్లను నిషేధించింది. వాళ్లు యువకులు, శిక్షణ ఉన్న క్రీడాకారులు. రక్తపోటుకు మందులు వాడే నడివయసు మనిషికి, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లకు ఈ సూటు ఇంకా ప్రమాదం. మొదటి రోజే మానిపించాం.

దానికి బదులు ఏం వేసుకోవాలి? కాటన్ ఒంటికి హాయిగా ఉంటుంది, నిజమే. కాకపోతే మామూలు గాలిలోనే తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమ పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ పట్టేది 0.4 శాతమే. చెమట పట్టినప్పుడు కాటన్ బరువెక్కి, ఒంటికి అంటుకుని, ఆరడానికి చాలాసేపు తీసుకుంటుంది. అరగంట లోపు వ్యాయామానికి పలుచని కాటన్ సరిపోతుంది. గంట దాటితే సన్నని అల్లిక పాలిస్టర్ మేలు. సాక్సుల విషయంలో మాత్రం కాటన్ వద్దని గట్టిగా చెబుతాం. తడిసిన కాటన్ సాక్సు చర్మాన్ని రాపాడుతుంది, బొబ్బలు మొదలయ్యేది అక్కడే. సాగే బట్టల్నీ చెమట పీల్చే బట్టల్నీ మెత్తదనం ఇచ్చే ద్రవంలో నానబెట్టకూడదు, దారం మీద పొరలా నిలిచి చెమటను పాకనివ్వదు. వేడి నీళ్లు, వేడి ఇస్త్రీ ఎలాస్టేన్ దారాన్ని, అంటే గుడ్డకు సాగే గుణం ఇచ్చే దారాన్ని, చంపేస్తాయి.

మార్చిన క్రమం

మొదటి రెండు వారాలు వ్యాయామం ఏమీ మార్చలేదు, బట్టలే మార్చాం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

బెల్టు తీసేసి భుజాల మీదుగా వచ్చే సస్పెండర్లు పెట్టించాం, చొక్కా పైన కనబడకూడదంటే చొక్కా కింద వేసుకునేవి ఉంటాయి. కుట్టిన ప్యాంట్లలో వెనక నడుము కుట్టు లోపల సాధారణంగా కొంత గుడ్డ మడిచి వదిలి ఉంటారు. దాన్ని విప్పితే నడుము మూడు నాలుగు సెంటీమీటర్లు లూజ్ అవుతుంది. తొడ పక్క కుట్టులో వచ్చేది ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లే. రెండు ప్యాంట్లకు ఇలా చేయించి, కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసే చోట పతంగి ఆకారంలో గుడ్డ ముక్క, అంటే గసెట్, వేయించాం. పొడవు 10 సెం.మీ., వెడల్పు 7. నిలబడితే కనబడదు. మెట్టు ఎక్కినప్పుడు లాగుడంతా ఒక్క బిందువు మీద పడకుండా పంచుతుంది. ప్యాంటు చిరిగేది దాదాపు ఎప్పుడూ అక్కడే కాబట్టి టైలరుకు కూడా వివరించాల్సిన అవసరం రాలేదు.

కొత్తగా కొనేటప్పుడు రెండు మూడు శాతం ఎలాస్టేన్ కలిసిన గుడ్డ చూడమన్నాం. అడ్డంగా 10 సెం.మీ. పట్టుకుని లాగితే 12 దాకా సాగాలి, వదిలితే మళ్లీ 10కి రావాలి. సాగి అలాగే ఉండిపోయే గుడ్డ మోకాళ్ల దగ్గర సంచిలా వేలాడుతుంది. ట్రయల్ గదిలో అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏమీ తెలియదు. కుర్చీలో కూర్చుని నడుం పట్టీలో రెండు వేళ్లు దూర్చాలి. మోకాలి ఎత్తున్న బల్ల మీద ఒక పాదం పెట్టాలి. తొడలు సమాంతరం దాకా దిగి, వెనక పట్టీ రెండు మూడు సెంటీమీటర్లకు మించి జారలేదని చేత్తో తడిమి చూసుకోవాలి. చేతులు పైకెత్తాలి. ఇందులో ఏది కుదరకపోయినా ఆ జత వదిలేయాలి, "వేసుకుంటే వదులవుతుంది" అనే మాట నమ్మకూడదు.

ట్రాక్ ప్యాంటు అంచు మడమ కిందికి వస్తోంది. కదలని సైకిలు పెడల్‌లో చిక్కుకోవడానికి, ట్రెడ్‌మిల్ మీద తొక్కి పడడానికి అది చాలు. చీలమండ ఎముకకు రెండు సెంటీమీటర్ల పైకి కత్తిరించి ఎలాస్టిక్ వేయించాం. మెడలో వేలాడే ఏ గుడ్డకైనా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. నర్తకి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో చనిపోయింది పొడవాటి స్కార్ఫ్ కారు చక్రంలో చుట్టుకునే.

మూడో వారంలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. ఉత్సాహంగా బిగుతైన కంప్రెషన్ టైట్స్ కొనుక్కుని వేసుకున్నారు, మంట తిరిగొచ్చింది. సాగే గుడ్డే అయినా, దాని నడుము ఎలాస్టిక్ సరిగ్గా పాత బెల్టు నొక్కిన చోటే నిలిచింది. నరానికి తోలు బెల్టు, ఎలాస్టిక్ అనే తేడా లేదు. ఎముక కొనకు పైగా, బొడ్డు ఎత్తులో నిలిచే వెడల్పు పట్టీ ఉన్న వదులు షార్ట్స్‌కు మారాక వారంలో సర్దుకుంది. బిగుతు బట్టలతో గంటలకొద్దీ గొంతుకు కూర్చోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో 2015లో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా కేసు చూపిస్తుంది. ఇల్లు మారే పనిలో బిగుతు జీన్స్‌తో గంటలపాటు గొంతుకు కూర్చున్న 35 ఏళ్ల మహిళ పిక్కలు వాచి, కాళ్లలో పట్టు పోయి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

మధ్యాహ్నం నడక మానేయడానికి మంటతోపాటు ఇంకో కారణం ఉంది. మార్చుకోవడానికి ఏడు నిమిషాలు, తిరిగి వేసుకోవడానికి ఏడు. అరగంట విరామంలో సగం పోతుంది. అందుకే మార్చుకోవాల్సిన అవసరమే లేకుండా చేశాం. రబ్బరు అడుగున్న నల్ల బూటు ఆఫీసు నియమాలకు సరిపోయింది. అరగంటను రెండు పదిహేను నిమిషాలుగా విడగొట్టాం, అప్పుడు చొక్కా తడిసేంత చెమట పట్టదు. వేగం నిమిషానికి 100 అడుగులు దాటితే చాలు, పెద్దలకు అది మధ్యస్థ తీవ్రత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు అడుగుతాయి, ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతు ఇప్పుడు లేదు. ఆఫీసు బట్టల ప్రభావం మీద 2004లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వెలువరించిన చిన్న అధ్యయనంలో 53 మంది జీన్స్ లాంటి మామూలు బట్టలు వేసుకున్న రోజుల్లో, ఫార్మల్స్ వేసుకున్న రోజుల కంటే రోజుకు సగటున 491 అడుగులు ఎక్కువ నడిచారు. అదనంగా వ్యాయామం చేయమని వాళ్లకెవరూ చెప్పలేదు.

ఇదే కేసు మహిళ అయితే

పరీక్ష క్రమం మారదు, చూడాల్సిన చోట్లు మారతాయి. మొదట అడగాల్సింది స్పోర్ట్స్ బ్రా గురించి, అయినా చాలామంది ట్రైనర్లు మొహమాటంతో దాటేస్తారు. పరుగులో వక్షం పైకీ కిందికీ మాత్రమే కదలదు, పక్కలకూ, ముందుకూ వెనక్కీ కూడా కదులుతుంది. ఆసరాలో ఎక్కువ భాగం భుజం పట్టీలది కాదు, పక్కటెముకల చుట్టూ ఉండే కింది పట్టీది. చేతులు పైకెత్తితే ఆ పట్టీ జారకూడదు, లోతైన ఊపిరి తీసుకుంటే నొక్కకూడదు, రెండు వేళ్లు దూరాలి. భుజాల మీద గాట్లు పడుతున్నాయంటే కింది పట్టీ వదులుగా ఉందని అర్థం. పరుగు కోసమే తయారైన బ్రా 1977 దాకా లేదు. లిసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ పురుషుల క్రీడా లోదుస్తులు రెండు కలిపి కుట్టి మొదటి నమూనా చేశారు.

ఎత్తు మడమల చెప్పులు ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పిక్క కండ పోగులు పొట్టివై, మడమ వెనక స్నాయువు గట్టిపడుతుంది. వాళ్లకు ఒక్కసారిగా చదునైన బూటు ఇస్తే పిక్కలు, మడమలు నొప్పెడతాయి. మడమ ఎత్తును రెండు మూడు వారాలకు ఒక సెంటీమీటరు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఇరుకు స్కర్టు అడుగును కుదిస్తుంది, జేబులు లేని ప్యాంటు ఫోనును చేతికి ఇచ్చి ఒక చేయి ఊపును ఆపేస్తుంది.

ఎనిమిదో వారం

మంట లేకుండా 35 నిమిషాలు నడవగలుగుతున్నారు. రోజువారీ అడుగులు 4,200 నుంచి 6,900కి చేరాయి. 30 సెకన్లలో కుర్చీలోంచి లేచి కూర్చోవడం 12 నుంచి 17కి పెరిగింది. బరువు 1.1 కిలోలే తగ్గింది, ఇంత తక్కువ వ్యవధిలో ఆహారం మార్చకుండా అంతకంటే ఆశించలేదు. నొక్కుడు పోయినా నరం కోలుకోవడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. అరచేయంత ఉన్న తిమ్మిరి మచ్చ ఇప్పుడు సగానికి తగ్గింది. దాని అంచును నెలకోసారి స్కెచ్ పెన్నుతో గీసి ఫొటో తీసి పోల్చుతున్నాం. పన్నెండో వారానికి కూడా ఇలాగే నిలిచిపోయినా, మచ్చ పెద్దదైనా నరాల వైద్యుడి దగ్గరికి పంపుతాం.